వేదిక మీద బొమ్మ ఎవరి కోసం?

ఈ మధ్య సభల్లో ఒక కొత్త ఏర్పాటు కనిపిస్తోంది. వక్త మైకు దగ్గర మాట్లాడుతుంటారు. వేదికకు ఒక పక్కన పెద్ద తెల్ల కాగితం ముందు నిలబడి ఒక ఆర్టిస్టు ఆ మాటల్ని అప్పటికప్పుడు బొమ్మలుగా వేస్తుంటారు. ప్రసంగం ముగిసేసరికి కాగితం నిండిపోతుంది. ముఖ్యమైన మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాటి చుట్టూ మనుషులు, ఇళ్లు, చెట్లు, ఒకదాన్నుంచి ఇంకొకదానికి బాణం గుర్తులు. అమెరికాలో 1970లలో డేవిడ్ సిబ్బెట్ వంటివారు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఈ పద్ధతికి ఒక వృత్తి రూపం ఇచ్చారు. ఇప్పుడు మన దేశంలో కూడా కార్పొరేట్ సమావేశాల్లో, పెద్ద నగరాల ఎన్జీవో వర్క్‌షాపుల్లో లైవ్ స్కెచ్ ఆర్టిస్టులు కనిపిస్తున్నారు.

చంద్రాపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గూస్ సంఘాల యువత మమ్మల్ని అడుగుతున్నారు: "అయ్యగారూ, మన సదస్సులకు కూడా ఇలాంటి ఆర్టిస్టును పెట్టుకుందామా?" పెద్దల్లో కొందరు డబ్బు దండగ అంటున్నారు. ఇంకొందరు వాక్యం చెప్పే చోట బొమ్మలేమిటని కోప్పడుతున్నారు.

మా జవాబు సూటిగానే చెబుతాం. పెట్టుకోవాలి. అయితే ఒక షరతు ఉంది. ఆ బొమ్మ వక్తకు అలంకారం కాకూడదు. విన్నవాళ్లు దాన్ని చూసి "ఇది మా మాటే" అనో, "ఇది తప్పు, మార్చు" అనో చెప్పగలగాలి. ఆ హక్కు వారికి ఇవ్వకపోతే ఆ బోర్డు ఇంకొక ఫ్లెక్సీ మాత్రమే. ఫ్లెక్సీలు మనకు ఇప్పటికే సరిపడా ఉన్నాయి.

అందరికీ తెలిసిన లిపి లేని చోట

చంద్రాపూర్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఇక్కడి మన సంఘాల్లో ఏ ఆదివారమైనా ఒక్క వరుస బెంచీలు చూడండి. కరీంనగర్ నుంచో, ఆదిలాబాద్ నుంచో బొగ్గు గనుల పనికి వచ్చిన కుటుంబంలోని తాత తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. ఆయన కొడుకు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, గనిలో హిందీ మాట్లాడతాడు. మనవరాలు మరాఠీ బడిలో చదువుతుంది. ఆమె ఇంట్లో తెలుగు వింటుంది, దేవనాగరిలో రాస్తుంది. పక్క బెంచీలో గోండి మాట్లాడే అమ్మ ఉంటుంది. నలుగురూ ఒకే ప్రసంగం వింటారు. నలుగురూ కలిసి చదవగలిగే కరపత్రం మాత్రం ఏ లిపిలో వేసినా కుదరదు.

ఈ పరిస్థితి నిన్న మొన్న వచ్చింది కాదు. రాజూరా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గీత జరిగింది, మనుషులు అక్కడే ఉన్నారు. జివతి తాలూకాలో కొన్ని సరిహద్దు గ్రామాల వారికి నేటికీ మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. 1982లో చంద్రాపూర్ నుంచి విడిపోయి గడ్‌చిరోలి జిల్లాలోకి వెళ్లిన సిరొంచలో తెలుగు వాడుక భాష, మరాఠీ ఆఫీసు భాష. రెండు భాషల మధ్య బతికే ఈ జనానికి సభ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఒకే మాట అంటారు: "మినిట్స్ రాసి పంపిస్తాం." ఏ భాషలో? ఎవరు చదువుతారు? రిజిస్టరులో రాసిన తీర్మానం కింద వేలిముద్ర వేసిన అమ్మకు ఆ తీర్మానంలో ఏముందో తెలుసుకునే దారి ఏది?

చెరువు ఎండిపోయిన బొమ్మ తాతకు అర్థమవుతుంది, మనవరాలికి అర్థమవుతుంది, గోండి మాట్లాడే అమ్మకూ అర్థమవుతుంది. చెవులు వినబడని సోదరుడికి కూడా ఆ రోజు సభలో ఏదో ఒకటి దొరుకుతుంది. బొమ్మ అన్నీ చెప్పలేదని మాకు తెలుసు. కానీ నలుగురూ ఒకే కాగితం చుట్టూ నిలబడి మాట్లాడుకోవడానికి అది ఒక చోటు ఇస్తుంది. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో లేవీయులు ధర్మశాస్త్రాన్ని చదివి ఊరుకోలేదు. జనం గ్రహించేలా దాని అర్థం విడమర్చి చెప్పారు. చదివి వినిపించడంతో మన పని తీరిపోదని దాని భావం.

ఇది పరాయి విద్య కాదు

స్కెచ్ ఆర్టిస్టు అనే పేరు కొత్తది. మాట పక్కన బొమ్మ పెట్టడం మన నేలకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు ఎలా వాడుకలోకి వచ్చాయో గుర్తు చేసుకోండి. పొడవాటి గుడ్డ మీద వరుసగా బొమ్మలు ఉంటాయి. కథ చెప్పేవాళ్లు పటాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ చూపిస్తూ కథ నడుపుతారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని చెప్పేందుకు ఒక్కో ఆశ్రిత కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. ముదిరాజులకు చెప్పేవారు కాకిపడగలవారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు డక్కలివారు.

డక్కలివారి పటం మన సంఘాలకు ఒక పాఠం. పెద్ద పురాణాల్లో తమకు గౌరవమైన చోటు లేని జనం, తమ పుట్టుకను, తమ పెద్దరికాన్ని చెప్పే కథను గుడ్డ మీద గీయించుకుని తమ వాడలోనే విన్నారు. రాత చేతికి అందని కాలంలో గీత వారి చరిత్రను మోసింది. మన సంఘాల్లో ఎంతమంది తాతముత్తాతలు ఆ పటం ముందు కూర్చుని ఉంటారో ఆలోచించండి. క్రీస్తు దగ్గరికి వచ్చినప్పుడు పాపాన్ని విడిచిపెట్టమన్నారు గాని, మన కళను విడిచిపెట్టమని ప్రభువు ఎక్కడా చెప్పలేదు.

ఈ సంగతిని తెలుగు సంఘంలో తన జీవితమంతా చెప్పినవారు పి. సాల్మన్ రాజ్ గారు. 1921లో పుట్టి 2019లో ప్రభువు సన్నిధికి వెళ్లిన ఈ ఆంధ్రా లూథరన్ పాదిరిగారు వేదాంతి, చిత్రకారుడు కూడా. బాతిక్ గుడ్డ మీద, చెక్క అచ్చుల మీద సువార్త కథల్ని మన పల్లె మనుషుల రూపంలో చూపించారు. విజయవాడలో సెయింట్ లూక్ పేరిట లలితకళా ఆశ్రమం నడిపారు. ఆయన బొమ్మల్లో యేసు మన వీధిలో నడిచే మనిషి.

"బొమ్మలు చేయకూడదని ఆజ్ఞ ఉంది కదా" అనే పెద్దలను మేము గౌరవంతోనే వింటున్నాం. నిర్గమకాండం 20వ అధ్యాయం నిషేధించింది సాగిలపడి పూజించే విగ్రహాన్ని. అదే గ్రంథం 31వ అధ్యాయంలో బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది చేతిపనుల కోసమే. యెహెజ్కేలు 4వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. ఒక ఇటుక తీసుకుని దాని మీద యెరూషలేము పట్టణాన్ని గీయమని దేవుడు ప్రవక్తకు చెప్పాడు. చెరలో ఉన్న జనం కళ్ల ముందు, రాబోయే ముట్టడిని అలా చూపించమన్నాడు. జనం మధ్య కూర్చుని గీసిన ఆ ఇటుకను మించిన లైవ్ స్కెచ్ ఏముంటుంది?

సంఘ చరిత్రలో ఈ వాదన పాతదే. సుమారు 600వ సంవత్సరంలో మార్సెయ్ బిషప్ సెరెనస్ గుడుల్లోని చిత్రాలను పగలగొట్టించినప్పుడు, మొదటి గ్రెగరీ పోపు ఆయనకు ఉత్తరం రాశారు. వాటిని పూజించనివ్వకపోవడం మంచిదే, పగలగొట్టడం తప్పు, ఎందుకంటే చదువురానివారు గోడల మీద చదువుకుంటారు అన్నది దాని సారం. 1522 సెప్టెంబరులో లూథర్ జర్మన్ కొత్త నిబంధన వెలువడినప్పుడు ప్రకటన గ్రంథానికి లూకాస్ క్రానాక్ పనిశాలలో చెక్కిన బొమ్మలు వేశారు. బబులోను వేశ్య తల మీద పోపు ధరించే మూడంచెల కిరీటం పెట్టారు. గొడవ అయింది. డిసెంబరు ముద్రణకు ఆ కిరీటాన్ని మార్చవలసి వచ్చింది. చదవలేనివాడికి కూడా అర్థమయ్యే విమర్శ అంటే అధికారానికి ఎప్పుడూ భయమే. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఫ్రాంక్ బియర్డ్ అనే చిత్రకారుడు సుద్దముక్కతో బోర్డు మీద గీస్తూ ప్రసంగాలు చేసేవాడు. మన సండే స్కూళ్లలో ఫ్లానెల్ గుడ్డ మీద బొమ్మలు అతికించి కథ చెప్పిన టీచరమ్మలు కూడా ఆ దారిలోని వారే.

ఫోను ఉండగా చేతిగీత ఎందుకు?

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో తీస్తే సరిపోదా?" అని అడుగుతారు. సభలో మాట్లాడేది పెద్దలైతే సరిపోవచ్చు. మాట్లాడేది కాంట్రాక్టు కూలీ అయితే?

గని దగ్గరో, పవర్ ప్లాంటు దగ్గరో కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి లేచి తనకు చేతికి వచ్చే కూలి ఎంతో, సంతకం పెట్టించుకునే కాగితం మీద ఉన్నది ఎంతో చెప్పాడనుకోండి. ఆ వీడియో సాయంత్రానికి పది వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. మరునాడు గేటు దగ్గర అతనికి పని ఉండకపోవచ్చు. బొమ్మలో ఆ ముఖం వేయనక్కరలేదు. రెండు కాగితాలు పట్టుకున్న రెండు చేతులు వేస్తే చాలు. మాట నిలుస్తుంది, మనిషికి కీడు జరగదు. లైంగిక హింసకు గురైన స్త్రీ ఎవరో తెలిసేలా బయటపెట్టడం చట్టప్రకారం నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. అలాంటి సాక్ష్యాలు వచ్చే సదస్సులో కెమెరా ఆపేయాల్సిందే. అక్కడ కూడా ఆమె ఒప్పుకుంటే, ఆమెను పోల్చుకునే వీలు లేకుండా, ఆమె చెప్పిన మాట తాలూకు ఒక గుర్తు కాగితం మీద ఉండగలదు.

చేతిగీతను సాక్ష్యంగా వాడిన మనుషులు మన దేశంలో ఉన్నారు. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ పల్లెల్లో కాలినడకన తిరిగి, ఆకలితో ఎండిపోయిన మనుషుల్ని నల్ల సిరాతో గీశారు. వారి సంగతులు రాసుకున్నారు. ఆ చిన్న పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. 1946లో తెభాగా పోరాటం జరుగుతున్నప్పుడు సోమనాథ్ హోర్ రంగపూర్ రైతుల మధ్య ఉండి, వారిని గీస్తూ డైరీ రాశారు. పంటలో మూడింట రెండు వంతులు మాకు కావాలని కౌలురైతులు అడిగిన పోరాటం అది. ఆ రైతుల ముఖాలు, వారి కూటాలు మనకు ఈనాటికీ కనబడుతున్నాయంటే ఆ డైరీ వల్లనే.

బ్రిటిష్ వారు చిత్తప్రసాద్ పుస్తకాన్ని తగలబెట్టిన సంగతి చదివినప్పుడు మాకు యిర్మీయా 36వ అధ్యాయం గుర్తుకొస్తుంది. బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి కుంపట్లో వేశాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. ప్రవక్త పేరు అందరికీ తెలుసు. పక్కన కూర్చుని రాసిన బారూకు లేకపోతే ప్రవక్త మాట మనదాకా వచ్చేది కాదు. మన సభల్లో ప్రవక్తలకు కొదవ లేదు. బారూకులే తక్కువ.

జనసునావణిలో ఆ కాగితం

ఇది సభను అందంగా చేసుకునే విషయం మాత్రమే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. చంద్రాపూర్‌లో మాట నమోదు కావడం, కాకపోవడం ప్రాణానికి సంబంధించిన సంగతి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ తయారు చేసినప్పుడు చంద్రాపూర్ 83.88తో నాలుగో స్థానంలో నిలిచింది. 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్ పేపరు మిల్లు అన్నీ ఇక్కడే. మన విశ్వాసుల్లో చాలామందికి అన్నం పెట్టేవి అవే, దగ్గు ఇచ్చేవీ అవే. రెండూ నిజం. ఈ రెండు నిజాలనూ ఒకే నోటితో చెప్పాల్సిన మనిషి మాట ఎంత జాగ్రత్తగా నమోదు కావాలో ఆలోచించండి.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, చాలా రకాల పెద్ద ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఇక్కడ మరాఠీలో జనసునావణి అంటారు. జిల్లా మేజిస్ట్రేటు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. చివర్లో ఆ రోజు నమోదు చేసిన సంగతులను అక్కడే జనానికి స్థానిక భాషలో చదివి వినిపించాలి. నోటిఫికేషన్‌లో చాలా మంచి నిబంధన ఇది. కానీ ఆ సమయానికి సాయంత్రం అవుతుంది. ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. తెలుగు మాత్రమే తెలిసిన ముసలివాళ్లు మరాఠీలో గబగబా చదివేది అర్థం కాక కూర్చుంటారు.

అక్కడ మనవైపు నుంచి ఒక స్కెచ్ ఆర్టిస్టు కూర్చుని ఉంటే? అధికారుల వేదిక మీద కాదు, జనం మధ్యలో, ఒడిలో అట్ట పెట్టుకుని. ఎవరు లేచి ఏం చెప్పినా ఒక గడిలో చిన్న బొమ్మ. బావి నీటి రంగు మారిందని ఒకరు, పేలుళ్లకు గోడ పగిలిందని ఒకరు, పిల్లాడికి ఉద్యోగం ఇస్తామని ఇవ్వలేదని ఇంకొకరు. చివర్లో మినిట్స్ చదివేటప్పుడు ఆ కాగితం చేతిలో పట్టుకుని ఒక్కో గడికీ టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు. బావి వచ్చింది. గోడ వచ్చింది. ఉద్యోగం మాట రాలేదు. లేచి నిలబడి, "సార్, ఆ అన్న చెప్పింది రాయలేదు" అని అడగవచ్చు. బొమ్మకు చట్టం ముందు విలువ ఉందని మేము అనడం లేదు. రాతపూర్వక అభ్యంతరం రాతలోనే ఇవ్వాలి. కానీ రాత చదవలేని మనిషి చేతిలో, తన మాట నమోదైందో లేదో సరిచూసుకునే సాధనం ఒకటి ఉంటుంది. అది చిన్న సంగతి కాదు.

చెప్పడం కష్టమైన విషయాలకూ ఇది పనికొస్తుంది. దళిత క్రైస్తవుల హక్కుల గురించి మనం గంటసేపు ప్రసంగిస్తాం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, మూడో పేరా, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన సవరణలు. విన్నవాళ్లు తలలూపుతారు, ఇంటికి వెళ్లేసరికి మరచిపోతారు. చంద్రాపూర్‌లో దీన్ని ఒక్క బొమ్మలో చూపవచ్చు. 1956 అక్టోబరు 16న బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ ఊళ్లోనే బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఒకే వాడ, పక్కపక్కనే రెండు ఇళ్లు. ఒక ఇంటి తాత ఆ రోజు దీక్ష తీసుకున్నాడు. ఇంకొక ఇంటి తాత బాప్తిస్మం తీసుకున్నాడు. బావి దగ్గర ఇద్దరినీ ఒకేలా దూరం నిలబెట్టారు. 1990 తర్వాత ఒక ఇంటి మనవడికి సర్టిఫికెట్ వచ్చింది, రెండో ఇంటి మనవడికి రాలేదు. ఈ బొమ్మ చూసిన పిల్లవాడు మూడో పేరా ఏమిటో ఎప్పటికీ మరచిపోడు. పక్కింటివాడి మీద అసూయ పడాలని దాని అర్థం కాదని కూడా అదే బొమ్మ చెబుతుంది. ఎందుకంటే బావి ఇద్దరికీ ఒక్కటే.

జాగ్రత్తలు లేకపోతే

ఇంత చెప్పాక, ఇందులోని అపాయాలనూ దాచకూడదు.

మొదటిది, వక్త పూజ. మన సువార్త కూటాల ఫ్లెక్సీలు చూడండి. దైవజనుడి ముఖం ఎంత ఉంటుంది, వాక్యం ఎంత ఉంటుంది? స్కెచ్ ఆర్టిస్టును పెట్టగానే మొదట జరిగేది ఇదే. మధ్యలో వక్తగారి పెద్ద బొమ్మ, తల చుట్టూ వెలుగు, చివర్లో ఆ బొమ్మను ఫ్రేము కట్టించి ఆయనకే బహుమానం. అలాంటి పని కోసం అయితే ఆర్టిస్టును పిలవవద్దు, ఆ డబ్బుతో పది మందికి భోజనం పెట్టండి.

రెండోది, అరిగిపోయిన గుర్తులు. పేదవాడు అనగానే చాచిన చెయ్యి, ఆదివాసి అనగానే తలలో ఈక, స్త్రీ అనగానే కన్నీరు, దళితుడు అనగానే వంగిన వీపు, యేసు అనగానే తెల్లని ముఖం. ఇవి చేతికి అలవాటైన బొమ్మలు. మన సభలో మాట్లాడిన ఆశా వర్కరు ఏడవలేదు, లెక్కలు చెప్పింది. ఆమెను లెక్కలు చెబుతున్నట్టే గీయాలి. అలవాటు బొమ్మ కూడా ఒక రకంగా అబద్ధ సాక్ష్యమే.

మూడోది, అతి సులభం చేయడం. ఒక మనిషి పదిహేను నిమిషాలు చెప్పిన బాధలో మెలికలుంటాయి. కంపెనీ దుమ్ము పోస్తోంది, కానీ తమ్ముడికి ఉద్యోగం అక్కడే. బొమ్మలో కంపెనీని రాక్షసుడిగా వేస్తే చప్పట్లు వస్తాయి, ఆ మనిషి మాట మాత్రం సగం పోతుంది. ఆర్టిస్టు చెయ్యి ఎంత మంచిదన్నది రెండో ప్రశ్న. చెవి ఎంత మంచిదన్నది మొదటి ప్రశ్న.

నాలుగోది, ఇప్పుడు చాలామంది చెప్పే కిటుకు. ఆర్టిస్టు ఎందుకు, నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరే రంగురంగుల బొమ్మ ఇస్తుంది కదా అంటున్నారు. ఇస్తుంది. కానీ అది ఆ సభలో కూర్చోలేదు. "అమ్మా, నీ ఇల్లు ఇలా ఉంటుందా?" అని అడగలేదు. సాక్షి అంటే అక్కడ ఉన్నవాడు.

ఎలా మొదలుపెట్టాలి?

ఆర్టిస్టు కోసం ముంబై, హైదరాబాదు వెళ్లనక్కరలేదు. ఫ్లెక్సీ ప్రింటింగు వచ్చాక పని పోగొట్టుకున్న బోర్డు పెయింటర్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఒకప్పుడు షాపుల పేర్లు, ఎన్నికల గుర్తులు, గోడరాతలు రాసిన చేతులవి. మహారాష్ట్ర బడుల్లో చదివిన మన పిల్లల్లో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు పాసైనవారు ఉన్నారు. ఆ సర్టిఫికెట్లు ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. పెద్ద పెయింటరు పక్కన ఒక అమ్మాయినో, అబ్బాయినో కూర్చోబెడితే ఏడాదిలో ప్రతి సంఘానికీ ఒక చెయ్యి తయారవుతుంది.

వారికి కూలి ఇవ్వాలి. "ప్రభువు పని కదా" అని ఉచితంగా చేయించుకోవడం న్యాయం గురించి మాట్లాడే సంస్థకు తగదు. సౌండ్ సిస్టమ్ వాడికి డబ్బు ఇస్తున్నాం, షామియానా వాడికి ఇస్తున్నాం. మూడు గంటలు నిలబడి విని గీసే మనిషికి ఎందుకు ఇవ్వం?

సభకు ముందు రోజు వక్త ఆర్టిస్టుతో అరగంట కూర్చోవాలి. ఏ పేర్లు వస్తాయి, ఏ లెక్కలు వస్తాయి, ఏ మాట గీయకూడదు అనేది మాట్లాడుకోవాలి. ఖరీదైన బోర్డు అక్కరలేదు. చార్టు పేపర్లు అతికించినా చాలు, కోరా గుడ్డ అయితే ఇంకా మేలు. మడత పెట్టి ఇంకొక ఊరికి తీసుకెళ్లవచ్చు. రెండు మూడు రంగులు చాలు. అక్షరాలు తక్కువగా, ఉన్నవి తెలుగులోనూ మరాఠీలోనూ ఉండాలి. బోర్డును వేదిక వెనక కాకుండా, ఆడవాళ్లు కూర్చునే వైపు పెట్టండి. ఎవరి ముఖమైనా పోలిక వచ్చేలా గీసే ముందు వారిని అడగాలి. వద్దంటే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పావుగంట. ముగింపు ప్రార్థనకు ముందు బోర్డును జనం మధ్యకు తేవాలి. ఆర్టిస్టు ఒక్కో బొమ్మా చూపిస్తూ "ఇది మీరు చెప్పిందేనా?" అని అడగాలి. అన్నిటికంటే ముందు, సభలో అతి తక్కువ మాట్లాడినవారిని అడగాలి. తప్పయితే అక్కడే కొట్టేసి మళ్లీ గీయాలి. కొట్టివేతలున్న బోర్డును చూసి సిగ్గుపడనక్కరలేదు. జనం దిద్దారని దానికి అదే రుజువు. ఆ గుడ్డ ఆ వాడలోనే ఉండాలి, మన ఆఫీసుకు ఫోటో చాలు. వచ్చే ఏడాది మళ్లీ సభ పెట్టినప్పుడు అదే గుడ్డ విప్పి, పోయినసారి అడిగినవాటిలో ఏమి జరిగింది, ఏమి జరగలేదు అని మొదలుపెట్టాలి. అప్పుడు వక్తకు కూడా జవాబుదారీతనం వస్తుంది. మాట ఇచ్చి మరచిపోవడం కష్టమవుతుంది.

యోహాను సువార్త 8వ అధ్యాయంలో రాళ్లు పట్టుకున్న గుంపు మధ్య మన ప్రభువు వంగి నేల మీద వేలితో ఏదో రాశాడు. ఏం రాశాడో సువార్తికుడు చెప్పలేదు. నిందించేవారు అందరూ నిలబడి ఉన్నప్పుడు ఆయన కిందికి వంగాడని మాత్రం మనకు తెలుసు. మన సభల్లో గీసే చెయ్యి కూడా అలా కిందికి వంగగలిగితే, నేల మీద కూర్చున్నవారి ఎత్తుకు దిగగలిగితే, ఆ ఖర్చు దండగ కాదు. రాబోయే సదస్సు బడ్జెట్ వేసేటప్పుడు ఫ్లెక్సీల పద్దులో ఒకటి తగ్గించి, ఒక గుడ్డ, మూడు రంగులు, ఒక మనిషి కూలి రాయమని మన జిల్లా కమిటీలన్నిటినీ కోరుతున్నాం.